కంటికింది మచ్చ

2024 మార్చి 4, సోమవారం
నా కూతురు శ్రీరంజని పోయి నలభై మూడు రోజులు. వాడిపట్టిలో దాని బ్యూటీ పార్లర్ షటర్ ఈరోజు తీశాను. ఖాళీ చేయాలి. ఫ్రిజ్‌లో మొహానికి రాసే సీరమ్ సీసాలు ఆరున్నాయి. కస్టమర్లకు అమ్మడానికి తెప్పించినవి. అమ్మేముందు తనే రాసుకునేది. దాదాపు రెండేళ్ళు రాసుకుంది.

మార్చి 7
మదురై వెళ్ళి శ్రీరంజనికి వైద్యం చేసిన డాక్టరమ్మకు సీసా చూపించాను. నా బిడ్డకు స్కిన్ క్యాన్సర్ దీనివల్లే వచ్చిందా అని అడిగాను. చెప్పలేనంది. ల్యాబ్‌లో చేసిన గ్రోత్ ఫ్యాక్టర్ పెప్టైడ్‌లట. చర్మాన్ని పెరగమని పురమాయిస్తాయట. ఏళ్ళ తరబడి రాస్తే ఏమవుతుందో ఎవరికీ గట్టిగా తెలియదట. మారుతున్న మచ్చ ఉన్నవాళ్ళు మాత్రం వాడకూడదంది. తర్వాత మెల్లగా, పాప కంటికింది మచ్చ పెరగడం మీరు చూడలేదా అమ్మా అంది.
చూశాను.

మార్చి 8, తెల్లవారుజాము
మా అత్త కృష్ణమ్మాళ్‌కూ ఎడమ కంటి కిందే మచ్చ. ఆమె పోయిన ఏడాదే శ్రీరంజని పుట్టింది. అవ్వే తిరిగొచ్చిందని ఇంటిల్లిపాదీ పసిదాని కాళ్ళకు మొక్కారు. ముందటేడు ఆడి నెలలో శ్రీరంజని మచ్చ నల్లబడింది, అంచు చెదిరింది. తీయించేసుకుంటానమ్మా అంది. అవ్వ మీద కత్తి పెడతావా అన్నాను. బతికినన్నాళ్ళు నిన్ను సతాయించింది చాలక ముసల్ది నా మొహమెక్కి కూర్చునిందా అని నవ్వింది. నేను నవ్వలేదు. ఏడాది ఆపాను.
సీసా ముందొచ్చిందా, మచ్చ ముందు మారిందా? జ్ఞాపకం రావడంలేదు. సీసాదే తప్పని ఒక్కరైనా చెప్తే బాగుండు.

మార్చి 11
పార్లర్ సర్దుతుంటే కోమలవల్లి వచ్చింది. శ్రీరంజని దగ్గర నెలనెలా ఫేషియల్ చేయించుకునేది. సీరమ్ ఉండాదా అక్కా అని అడిగింది. ఆమె గడ్డం మీద మచ్చ మునుపు మిరియమంత. ఇప్పుడు చింతగింజలో సగం ఉంది. అంతా చెప్పాను. సీరమ్ మానెయ్, ముందు డాక్టర్‌కు చూపించు అని చేతులు పట్టుకున్నాను. డాక్టరే చెప్పలేనంటే నువ్వేంటికక్కా భయపెట్టేది, నువ్వియ్యకుంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటా అంది. మచ్చ సంగతైనా వినమన్నాను. మచ్చ మీద కత్తి పెట్టరాదని శ్రీరంజనితో నువ్వే కదక్కా అంటా ఉంటివి, నేను ఈ కుర్చీలో కూర్చోని వింటానే ఉంటిని అంది.

మార్చి 12
ఆరు సీసాలూ సింక్‌లో పోశాను. వాసన కూడా లేదు.

మార్చి 20
మళ్ళీ ఒకసారి చెబుదామని కోమలవల్లి ఇంటికి వెళ్ళాను. పాపం, కూతురు పోయి అక్కకు మతి చెడిందని లోపల ఎవరితోనో అంటోంది. కాఫీ ఇచ్చారు. తాగి వచ్చాను.

ఏప్రిల్ 22
బస్‌స్టాండ్‌లో కోమలవల్లి. మొహం తళతళ మెరుస్తోంది, గడ్డం మీద మచ్చ అలాగే ఉంది. ఎట్టుండానక్కా అని అడిగింది.
బాగుండావన్నాను.