సినిమా కోసం లేపిన చేతులు

మే 12, సోమవారం. కోపంతో నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

సాయంత్రం మనవరాలు లత ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఏందమ్మమ్మా ఇది? నువ్వు గనికి ఒప్పుకున్నవా?"

ఏదో వార్తల సైటు. అందులో మేమంతా చేతులు లేపిన ఫోటో. గ్రామసభలో ఊరంతా కొండ మీది గనికి సమ్మతించిందని కింద హిందీలో రాశారు.

అది గ్రామసభ కాదు. పోయిన సంత రోజు గని కంపెనీవాళ్ళు తెర కట్టి ఉచితంగా సినిమా వేశారు. అయిపోయాక, "ఇంకోటి కావాలన్నోళ్ళు చెయ్యి లేపుండ్రి" అన్నాడు ఆపరేటరు. అందరం లేపాం, నేను కూడా. ఈ ఫోటో అప్పుడు తీసిందే. సినిమా అడిగిన చెయ్యికీ, భూమి ఇస్తానన్న చెయ్యికీ తేడా లేదా?

పక్కింటి ముత్తక్క ఫోటో చూసి నవ్వింది. "మంచిగున్నది టీచరమ్మా! పొలం టికెట్ కింద ఇచ్చి సినిమా సూసినం."

నాకు నవ్వు రాలేదు. ఆమెకున్నది కొండ కింది పొలం ఒక్కటే. గని వస్తే ముందు పోయేది అదే. అధికారులు ఈ ఫోటోనే నమ్మితే...

ఇక జరగాల్సినవి:

1. లత ఆ సైటుకు అసలు సంగతి రాయాలి.
2. రేపు నేనూ ముత్తక్కా తహసీలు ఆఫీసుకు వెళ్ళి అభ్యంతరం రాసిచ్చి, రసీదు తీసుకోవాలి.
3. నిజమైన గ్రామసభ పెట్టించాలి. మా ఊరి భాష దోర్లీలో, తెలుగులో గని కాగితాలన్నీ చదివి వినిపించాలి. అక్కడ మొదట లేచి వద్దనేది నేనే.