అక్క తాగమన్నది

హోసూరు,
12 ఆగస్టు 2003

అమ్మలాంటి మారక్కకు,

ఫోనులో నీ మాట సగమే అందుతోంది, అందుకే ఉత్తరం. పద్నాలుగేళ్లుగా ప్రెస్సు మిషను దగ్గర రేకులు కొట్టి కొట్టి నా చెవుల్లో హోరు మిగిలిందని నీకు తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. కోప్పడకుండా చదువు.

ఉగాది తర్వాత కెలమంగలంలో నన్ను బస్సెక్కిస్తూ ఒక మందు చెప్పావు కదా, "పొద్దునా సాయంత్రం గంజా తాగురా, ఆ హోరు అణిగిపోతుంది" అని. బీడీ వాసనకే మొహం తిప్పుకునే మా అక్కేనా ఈ మాటంటున్నది అనుకున్నాను. అయినా నన్ను పెంచినదానివి, నా చెడు కోరతావా? తాగాను. నాలుగు నెలలు తాగాను. తాగినంతసేపూ హోరు కాస్త దూరం జరిగినట్టుండేది, మత్తు దిగాక రెండింతలై వచ్చేది. నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు. పోయిన వారం మత్తులో మిషను కింద చెయ్యి పెట్టాను. "యాడ పెడతాండావప్పా చెయ్యి!" అని పక్క మిషను సోమప్ప అరిచాడట. నాకు వినబడలేదు. చొక్కా పట్టి లాగాడు కాబట్టి ఈ ఉత్తరం కుడిచేత్తోనే రాస్తున్నాను.

అతనే నన్ను కృష్ణగిరిలో చెవి డాక్టరుకు చూపించాడు. పరీక్ష చేసి, "గంజా చెవికి మంచిదని ఎవరు చెప్పినారప్పా?" అని ఆయన కాగితం మీద రాసి అడిగాడు. "మా అక్క" అన్నాను. ఆయన నవ్వలేదు. గంజాతో హోరు తగ్గుతుందన్న నమ్మకం లేదట, పెరగనూ వచ్చట. కుడిచెవి పోయినట్టే. ఎడమదైనా మిగలాలంటే మిషను వదలాలట.

నీ మీద కోపం లేదక్కా. అలసిపోయాను, అంతే. ఈ పని మానేస్తే ఏం చేయాలో తోచడం లేదు.

నీ తమ్ముడు,
కేశవప్ప


కెలమంగలం,
17 ఆగస్టు

నా కేశవకు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఒరే, నేను తాగమన్నది గంజి! రాగి గంజి. మజ్జిగ పోసుకొని తాగు, ఒళ్లు చల్లబడుతుంది అన్నాను. ఆ మాటను బస్సు హారను మింగేసింది. నువ్వేమో తల ఊపి ఎక్కి కూర్చున్నావు.

ఇప్పుడు గుర్తొస్తోంది, రెండేళ్లుగా నేనేం చెప్పినా తల ఊపుతూనే ఉన్నావు. తమ్ముడికి ఎంత అణకువ వచ్చిందో అని మురిసిపోయాను. వినబడడం లేదని నాతో చెప్పడానికి సిగ్గేంట్రా నీకు?

మిషను వదిలేసి రా. పట్టుపురుగులు ఆకలి మీద ఉన్నాయి, ఆకు కోసి వేయడానికి నా చేతులు చాలడం లేదు. పొగ వాసన తగిలితే పురుగు బతకదని నీకు తెలుసు. అది మానేసే రా.

గంజి కాచి పెడతాను. ఇకమీదట నా మాట అందకపోతే తల ఊపొద్దు. "ఏమన్నావక్కా?" అని అడుగు. పదిసార్లయినా చెప్తాను.

నీ అక్క,
మారక్క