సీటు కింది డబ్బా

జూన్ 7, శనివారం

చరిత్రలో నిలిచిపోవలసిన రోజు. స్థలం – చందానగర్, మా అపార్ట్‌మెంట్ సెల్లార్. బండి సీటు విప్పాను. చేతిలో సబ్బుబిళ్ళంత నల్ల డబ్బా. ఇంజన్‌లోకి ఎంత పెట్రోల్ చిమ్మాలో కంపెనీ పెట్టిన కంప్యూటర్ చెబుతుంది. ఈ డబ్బా ఆ మాటను మధ్యలో పట్టుకుని, తనకు తోచినట్టు మార్చి, కిందికి పంపుతుంది. ఆఫీసులో మా మేనేజరు చేసేదీ ఇదే. ఆయనకు జీతం ఇస్తారు.

వైరు ఊడదీసి, మధ్యలో డబ్బా దూర్చి, లాప్‌టాప్ తగిలించి, ఎవరో మహానుభావుడు ఇంటర్నెట్‌లో పెట్టిన సెట్టింగ్ ఎక్కించాను. ‘పెట్రోల్ తక్కువ తాగుతుంది, పరుగు మెత్తగా ఉంటుంది’ అని రాశాడు. ఏ దేశంలో, ఏ పెట్రోల్‌తో చూశాడో రాయలేదు. నేనూ అడగలేదు.

అక్కకు చెప్పలేదు. బండి కొనిపెట్టింది తనే. షరతు ఒక్కటే – “దీనికి పిచ్చి వేషాలు వేశావో, తాళం లాగేసుకుంటా.” వేషమంటే పైకి కనిపించేది. ఇది సీటు కింద ఉంది. కనుక వేషం కాదు. వాదన బలంగానే ఉంది.

జూన్ 9, సోమవారం

రోజూలాగే అక్కను ఆసుపత్రి దగ్గర దింపి, అక్కడినుంచి హైటెక్ సిటీ.

“బండి ఇవాళ మెత్తగా పోతోందిరా.”

“నడిపేవాడి గొప్ప.”

“అవును, హెల్మెట్‌లో పట్టడం లేదు నీ గొప్ప.”

ఒకే ఒక్క మచ్చ. ఇంటినుంచి బయల్దేరిన రెండు నిమిషాలకే, మెయిన్ రోడ్డెక్కే మలుపులో ఇంజన్ ఆగిపోయింది. దగ్గు లేదు, గురక లేదు... ఆగింది. బటన్ నొక్కితే మళ్ళీ లేచింది.

“ఏమైందిరా?”

“ఆలోచిస్తోంది.”

జూన్ 10, మంగళవారం

సాయంత్రం ఆఫీసునుంచి వచ్చీ రాగానే సెల్లార్‌లోనే పరీక్ష. మూడుసార్లు ఆపి స్టార్ట్ చేశాను. మూడుసార్లు మలుపు తిప్పాను. ఒక్కసారీ ఆగలేదు.

ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. మూడుసార్లు ప్రయత్నించినా తప్పు మళ్ళీ కనబడకపోతే, ‘మళ్ళీ రాలేదు, మూసేశాం’ అని రాసి పక్కన పెట్టడం మా ఫ్లోరు ఆచారం. అదే రాసి పక్కన పెట్టాను.

జూన్ 12, గురువారం

రాత్రంతా వాన. పొద్దున రోడ్డు తడి.

మదీనాగూడ యూటర్న్. బండి సగం తిరిగింది. ఇంజన్ ఆగింది. బండి పక్కకు ఒరిగింది – అక్క కుడిచెయ్యి ముందుగా నేలకు ఆనింది – వెనక కారు బ్రేకు కీచుమంది...

“ఏంది భాయ్, నడిమిట్ల ఆపుతవా! సస్తరు గద!” కారు డ్రైవరు దిగి వచ్చాడు. అక్క చెయ్యి చూశాడు. గొంతు మారింది. “ఎక్కున్రి. దవాఖానకు పోదాం. జర పైలం, అక్కా.”

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

నాకు మోకాలి మీద చిన్న గీత. సిగ్గులేని గీత.

జూన్ 13, శుక్రవారం

అక్క సోమవారంనుంచి ఐసీయూ శిక్షణకు వెళ్ళాలి. రెండేళ్ళుగా అడిగి అడిగి తెచ్చుకున్న అవకాశం. కుడిచెయ్యి లేని నర్సును ఐసీయూలో ఏం చేసుకుంటారు? పేరు తీసేశారు.

మంచం మీద కూర్చుని ఎడమచేత్తో ఇడ్లీ తుంచుతూ అంది – “బ్యాగు జారుతోందని కదిలానురా. సరిగ్గా మలుపులో. నావల్లే తూలింది బండి. నీకు కూడా దెబ్బ తగిలింది పాపం.”

“పోనీలే అక్కా” అన్నాను.

నేను ఆమెను క్షమించాను. ఈ వాక్యం నా చేతిరాతలోనే ఉంది.

జూన్ 14, శనివారం

బండి ఖాజా భాయ్ షెడ్డుకు తోసుకెళ్ళాను. కొన్నప్పటినుంచీ సర్వీసు ఆయన దగ్గరే. సీటు ఎత్తాడు.

“గీ డబ్బా ఎవరు వెట్టిన్రు?”

“ఫ్రెండు.”

“గా దోస్త్ అచ్చం నీ లెక్కనే ఉంటడు గావచ్చు.” డబ్బా వైరు వెంబడి వేలు పోనిచ్చాడు.

“పొద్దుగాల ఇంజన్ సల్లగుంటది భయ్యా. పెట్రోల్ జర ఎక్కువ గావాలె. ఈ డబ్బా ఉన్నదాంట్లకెల్లి కోస్తున్నది. మలుపుల రేస్ ఇడిసినవ్, ఊపిరి బందయ్యింది. ఒక్కపారి వేడెక్కితె ఇగ ఏం గాదు.”

వేడెక్కితే ఏం కాదు. మంగళవారం ఆఫీసునుంచి ఇంటిదాకా నడిపి, వేడి మీదున్న ఇంజన్‌ను మూడుసార్లు పరీక్షించిన మేధావిని నేను.

ఆఖరి ప్రయత్నంగా అడిగాను – వెనక కూర్చున్నవాళ్ళు కదిలితే ఆగిపోతుందా?

“కదిలితే ఊగుతది. బంద్ గాదు.” డబ్బా పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. “అక్కకు చెప్పినవా?”

సెల్‌ఫోను చూసుకున్నాను. ఎవరూ ఫోను చేయలేదు.

జూన్ 15, ఆదివారం

చర్చిలో సాక్ష్యాల సమయం. అమ్మ లేచి, కళ్ళు తుడుచుకుంటూ – “నా ఇద్దరు బిడ్డల్నీ రోడ్డు మీద కాపాడిన దేవునికి వందనాలండి.” అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరుగారు నవ్వుతూ నావైపు తిరిగారు. “తమ్ముడు కూడా ఒక మాట చెప్తాడు.”

లేచాను. మైకు ఇచ్చారు. సాక్షిని నేనే, ముద్దాయినీ నేనే. ఇంత సౌకర్యం ఏ కోర్టులోనూ ఉండదు.

“మా బండి మారుమనసు పొందాలని ప్రార్థించండి” అన్నాను.

నవ్వారు. పాస్టరుగారు కూడా. కూర్చున్నాను.

బయట మెట్ల దగ్గర కృపమ్మ ఆంటీ అక్కను పట్టుకున్నారు. “బండి మీద బొమ్మలా కూర్చోవాలమ్మా. నువ్వలా కదిలితే పిల్లాడు మాత్రం ఏం చేస్తాడు?”

“అవునాంటీ. నాదే తప్పు.”

పిల్లాడు ఏమీ చేయలేదు. పక్కనే నిలబడ్డాడు.

జూన్ 16, సోమవారం

ఐసీయూ శిక్షణ మొదలైంది. అక్క స్థానంలో వేరే ఎవరో.

జూన్ 17, మంగళవారం

సాయంత్రం. అక్క లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాతి బ్యాచ్‌లో తన పేరు చూస్తామని ఆసుపత్రివాళ్ళు అన్నారట. ప్రమాదం ఎలా జరిగిందో వివరంగా రాసి పంపమన్నారట. తను చెబుతుంది, నేను టైపు కొట్టాలి.

“రాయి. నా అజాగ్రత్త వల్ల...”

కొట్టలేదు.

“అజాగ్రత్త అని వద్దక్కా. నర్సు ఫైల్లో ఆ మాట ఉంటే ఐసీయూకి తీసుకుంటారా?”

“జరిగింది రాయమన్నారు. అబద్ధం రాయనా?”

“అదే అబద్ధం. బండి ఆగింది నీవల్ల కాదు. నావల్ల.”

అక్క నవ్వింది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, హాయిగా, ఐదు రోజుల తర్వాత మొదటిసారి. “చాల్లే వెధవా. నాకోసం నేరం మీదేసుకుంటావా? రాయి ముందు.”

ఇరవై నాలుగేళ్ళు కష్టపడి సంపాదించిన పేరు. ఏం చెప్పినా నవ్వుతారు.

మళ్ళీ చెప్పాను. డబ్బా అన్నాను, సీటు కింద అన్నాను, సోమవారం కూడా ఆగింది గుర్తుందా అన్నాను. జోకు ఎక్కడ వస్తుందా అని నా మొహంలో వెతికింది. రాలేదు.

నవ్వు ఆగింది.

“సోమవారమే తెలుసా నీకు?”

అప్పుడే నాన్న బడిలో పాఠాలు ముగించుకుని వచ్చారు. “ఏమిటర్రా మీ గొడవ?”

“ఏం లేదు నాన్నా. ఉత్తరం రాయిస్తున్నా.” నామీంచి కళ్ళు తీయకుండా చెప్పింది.

నాన్న వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “చదవండి, తప్పులుంటే చెప్తాను.”

చదవడానికి తెర మీద ఏమీ లేదు. అక్క లేచి తన గదిలోకి వెళ్ళింది. తలుపు వేయలేదు... నేను చెప్పేది వినబడేలా తెరిచే ఉంచింది.

ఏం జరిగిందని నాన్న ఇంకా అడుగుతున్నారు.