లాగ్‌బుక్‌లో నా సంతకం

అక్కయ్యా,
నీ కూతురి ప్రాణం మీదికి నువ్వే తెస్తున్నావు. "సొంత పిన్ని ఉండగా సంతకానికి కరువా" అని మా ఫ్లయింగ్ స్కూలు యజమానికి బావచేత ఫోన్ చేయించావట. ఎగిరిన పాఠాలన్నీ రాసే లాగ్‌బుక్‌లో నేను పెట్టేది మొహమాటపు సంతకం కాదు. "ఈమెకు నేర్పాను, పరీక్షకు సిద్ధంగా ఉంది" అని నేను పూచీ పడటం. నిన్న గాల్లో వేగం తగ్గి విమానం ముక్కు వాలింది. విమానం నడిపే కర్రను ముందుకు తోయాల్సింది పోయి, నీ కూతురు భయంతో వెనక్కి లాగింది. నేను అందుకోకపోతే ఈ కార్డు ఇంకెవరో రాసేవారు. దిగాక "అమ్మకి చెప్పకు పిన్నీ" అంది. చెబుతున్నాను. మా మెకానిక్ కూతురు ఈ ఒక్క పాఠానికే పదకొండుసార్లు ఎగిరింది. ఆ పిల్ల కోసం ఎవరు ఫోన్ చేశారు? పలుకుబడులన్నీ నేల మీదే చెల్లుతాయి.

యజమానికి ఇంక ఫోన్లు వద్దు.
పరీక్ష వచ్చే నెలకు మార్పించు.
అప్పటిదాకా దాన్ని నా దగ్గరే ఉండనివ్వు.
బావ మోకాలు ఎలా ఉందో రాయి.
పిల్లని తిట్టకు.