సింహాచలంలో శుక్రవారం

విశాఖపట్నం,
కార్తీక మాసం, 1982

శ్రీవారికి,

అమృతవల్లి నమస్కారాలు. ఈ ఉత్తరం మీ ఊరి నుంచే రాస్తున్నాను. బడి పిల్లల్ని విశాఖపట్నం విహారయాత్రకు తీసుకొచ్చే పంతులమ్మల జాబితాలో నా పేరూ ఇచ్చాను. ముందుగా చెప్పకుండా వచ్చి మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

హార్బరులో ఉద్యోగమని మీరు వెళ్లినప్పటి నుంచీ ఈ ఊరు నాకు కంఠతా వచ్చు. మీరు రాసినవన్నీ ఉన్నాయి. సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద దీపస్తంభం, సన్నటి దారిలో మెల్లగా లోపలికొచ్చే ఓడలు. ఎదురుగా మూడు కొండలు, ఒకదాని మీద మన వెంకన్న, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా. భీమిలి దారి పొడుగునా సరుగుడు తోటలు. ఎండుచేపల వాసన ఒక్కటే రాయలేదు. వైష్ణవుల పిల్ల ముక్కు మూసుకుంటుందని కాబోలు! క్వార్టర్సు ఇవ్వగానే తీసుకెళ్తానన్నారు. ఆ మాట నమ్మి, పెళ్లి సామాను మూటలైనా విప్పకుండా తిరుపతిలో నాయన ఇంట్లోనే ఉండిపోయాను.

నిన్న శుక్రవారం సింహాచలం ఎక్కాం. ప్రతి శుక్రవారం అభిషేకంలో స్వామి నిజరూపం కళ్లారా చూస్తున్నానని మీరు రాస్తే, గుడి కైంకర్యంలోనే ముసలివాడై, ఈ వైపు ఎన్నడూ రాని నాయన ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. లోపల చూస్తే చందనపు ముద్ద తప్ప ముఖమే లేదు. అర్చకుణ్ణి అడిగాను. ఏడాదికొక్కసారి, అక్షయ తదియ నాడు తప్ప చందనం తీయరట. మీరు తిరుమలలో జరిగే శుక్రవారపు అభిషేకాన్ని తెచ్చి సింహాచలానికి అంటగట్టారు. ఈ కొండ ఎన్నడూ ఎక్కనివాళ్లే అలా రాస్తారు.

అక్కణ్నుంచి మీ చిరునామాకు వెళ్లాను. ఆ గది మీ చిత్తూరు స్నేహితుడు జయరావుది. పాపం, అబద్ధమాడబోయి ఆడలేకపోయాడు. "ఆయన ఈడ ఎప్పుడూ లేడమ్మా. గూడూరులో నిమ్మకాయల మండీలో ఉండాడు. ఆడ ఇంకో సంసారముండాది. ఊరి సంగతులు నేను చెప్తే ఆయన రాస్తాడు, నేను ఈడ పోస్టు చేస్తా. సింహాచలం ముక్క మాత్రం నేను చెప్పింది కాదు" అన్నాడు.

వచ్చేటప్పుడు గూడూరులో రైలు చాలాసేపు ఆగింది. మీకిష్టమని ఊరగాయకు నిమ్మకాయలు కొన్నాను. మీరున్న ఊళ్లో దిగకుండా, మీరు లేని ఊరికి మీ కోసం వచ్చాను. ఇంత మోసం నాకెందుకు చేశారు? జయరావు దగ్గర చిరునామా తీసుకుని, ఈ ఉత్తరం మీ గూడూరు ఇంటికే పంపిస్తున్నాను.

మీ
అమృతవల్లి


విశాఖపట్నం,
అక్షయ తదియ

యతిరాజులు గారికి,

మీరు తిరుపతికి రాసిన జవాబు నాయన ఇక్కడికి తెచ్చి ఇచ్చారు. తప్పయిందనీ, వ్యవహారం చక్కబెట్టుకుని వచ్చేదాకా ఎదురు చూడమనీ రాశారు. మళ్లీ ఎదురు చూడడమేనా? నేనిప్పుడు తిరుపతిలో లేను. ఇక్కడ పాత ఊళ్లో ఒక ప్రైవేటు బళ్లో తెలుగు చెప్తున్నాను. గదిలోకి ఓడల కూత వినిపిస్తుంది. మొదట ససేమిరా అన్న నాయనే పెళ్లి సామానంతా రైల్లో వేసుకొచ్చారు. మూటలు విప్పేశాను.

ఇవాళ ఇద్దరం సింహాచలం వెళ్లాం. చందనం తీశారు. స్వామి ముఖం చూశాం. నాయన కళ్లు తుడుచుకుని, "స్వామి ఎట్లుంటాడని రాసినాడమ్మా నీ మొగుడు?" అని అడిగారు.

మీ ఉత్తరాలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా గుర్తు లేదన్నాను.

అమృతవల్లి