ఆసామి ఏ గడిలో?

ఫిబ్రవరి 3, జగిత్యాల

కోరుట్ల బీడీల సర్వే ముగిసింది. ఒళ్లు హూనం. చివరి ఇంట్లో ఒకామె, ఒళ్లో చాట, చాటలో ఆకూ తంబాకూ. చేతులు ఆగకుండా బీడీలు చుడుతూనే చెప్పింది — "నేనేం పని జేస్తనమ్మా, ఖాళీగనే ఉంట." పనిచేస్తుంది అనే గడిలోనే టిక్కు పెట్టాను.

ఇన్నేళ్లుగా నేను అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే. మీరేం పని చేస్తారు? లేబర్ ఎకనామిస్టు అంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చేసేది మాత్రం ఎండలో ఇల్లిల్లూ తిరగడం.

ఫిబ్రవరి 5

నడుం నొప్పి. ఏమీ చేయలేదు. చేయాలనీ లేదు.

ఫిబ్రవరి 8, సిరిసిల్ల

ఇక్కడ మరమగ్గాల సర్వే. మరమగ్గం అంటే ఎవరూ పలకరు, సాంచా అనాలి. మా సర్వే అసిస్టెంటు లావణ్య వారం ముందే దిగి ఫారాలు నింపుతోంది. గుంటూరు అమ్మాయి, చురుకు. నేను అక్క వాళ్లింట్లో దిగాను.

రాజేశం బావ దగ్గు గోడవతలి నుంచి వినబడుతూనే ఉంది. ఏళ్ల తరబడి సాంచాల గదిలో మింగిన నూలు దుమ్ము. చిక్కిపోయాడు. "దవాఖానకు పోదాం పా అంటె, కార్డు రానియ్యి అంటడు" అంది అక్క.

ఆ వైద్యం కార్డు మా సర్వేను బట్టే వస్తుంది. కార్మికులని మేం రాసినవాళ్లకే. ఈ సంగతి బావకు తెలుసు, అక్కకు తెలుసు. అన్నాల దగ్గర మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పచ్చిపులుసు బాగుందని మూడుసార్లు అన్నాను.

ఫిబ్రవరి 10

లావణ్య ఫారాలు చూశాను. బావ ఫారంలో — యజమాని.

ఎందుకలా రాశావంటే, "ఆయనే చెప్పారు మేడమ్, నేను ఆసామిని అని. ఆసామి అంటే ఉన్నవాడేగా? మా వైపు నాలుగెకరాలున్న పెద్దమనిషిని అంటారు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. ఆ పిల్ల తప్పేముంది. ఒకే తెలుగు, ఒకే మాట. కానీ సిరిసిల్లలో ఆసామి కథ వేరు. నూలు చుట్టిన పెద్ద కడ్డీలు, ఇక్కడ భీములంటారు, సేటు ఇస్తాడు. ఆసామి తన సాంచాల మీద బట్ట నేయించి మళ్లీ సేటుకే అప్పజెప్తాడు. ఒకరిద్దరు కూలీలను పెట్టుకుంటాడు, వాళ్లు రానప్పుడు తనే నిలబడి నడుపుతాడు. సేటు భీములు ఆపితే కూలీతో పాటు ఆసామీ ఇంట్లో కూర్చోవలసిందే. పూర్తిగా ఓనరూ కాదు, పూర్తిగా కూలీ కాదు.

మా ఫారంలో ఉన్నవి రెండే గడులు, యజమాని, కార్మికుడు. ఊళ్లో ఆసాములందరూ యజమానులై కూర్చున్నారు.

ఫిబ్రవరి 11

హైదరాబాద్‌కు, డైరెక్టర్ గారికి ఫోన్. మూడో గడి కావాలన్నాను. "సుజాత గారూ, పైవాళ్లు అడిగింది రెండే. ఇప్పుడు మూడోది పెడితే పని మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. వాదించాను. గొంతు పోయింది. చివరికి ఆయన దిగి వచ్చింది ఇంత — ఆసామి తన నోటితో "నేను కార్మికుణ్ణి" అని, కొత్త ఫారం మీద సంతకం పెడితే మార్చుకోవచ్చు. నెలాఖరులోపు.

పామూ చావలేదు, కర్రా విరగలేదు. ఇదే నా కెరీర్ మొత్తం.

ఫిబ్రవరి 14

మళ్లీ ఇల్లిల్లూ. కొందరు ఆసాములు వెంటనే ఒప్పుకున్నారు. "రాస్కో మేడం, ఏ పేరైతేంది" అని. ఒక పెద్దాయన మాత్రం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మా నాయిన కూలి జేసి సాంచలు కొన్నడు. నువ్వచ్చి నన్ను మల్ల కూలోన్ని జేస్తవా?" చాయ్ తాగించే పంపాడు.

ఆయన మీద కోపం రాలేదు. రేపు నన్నెవరైనా ఎకనామిస్టు అని కాకుండా జీతగత్తె అని రాస్తే నేనూరుకుంటానా?

ఫిబ్రవరి 15

రేపు బావను అడగాలి.

ఈ మూడో గడి గోలంతా బావ కోసమేనా... బావ లేకపోయినా ఇంత వాదించేదాన్నా? వాదించేదాన్నే అనుకుంటాను. అనుకుంటాను, అంతే.

ఫిబ్రవరి 16

సాంచాల గదికి వెళ్లాను. చప్పుడులో మాట వినబడక బావ అన్నీ ఆపించాడు. నర్సయ్య అక్కడే ఉన్నాడు. బావ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న కూలీ, ఇద్దరిదీ ఒకటే వయసు. అతన్ని బయటికి పొమ్మని బావ అనలేదు. నాకూ నోరు రాలేదు.

పరాయివాళ్లను అడిగినట్టే అడిగాను. "మీరేం పని చేస్తారు?"

"ఏంది మరదలా, కొత్తగ మీరు మీరంటున్నవు?"

"ఫారంలో అట్లే ఉంది బావా."

నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గేదాకా ఆగాం. "కార్మికున్ని అంటె కార్డు అస్తది. గంతేనా?"

"అంతే. నువ్వు అనాలి, నేను రాయాలి."

"నేను గీ సాంచ మీద నిలవడి నేస్తలేనా? నేస్తున్న. అబద్ధమైతె గాదు."

"కాదు బావా."

అయినా ఆ మాట అనలేదు. నర్సయ్య వైపు తిరిగాడు. "నర్సయ్యా, నేను నీకేమైత?"

నర్సయ్య చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. ఎంతో ప్రేమగా చెప్పాడు. "మా ఆసామివి. ఇంకేమైతవు?"

బావ ముఖం విప్పారింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ ముఖాన్ని. అంతలోనే తలొంచుకుని పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టాడు. గడి ఖాళీగానే ఉంది.

"నువ్వే ఏదో ఒకటి రాస్కో" అని సాంచాలు వేయించాడు. ఇక మాట్లాడే వీలు లేదు.

నర్సయ్యను ఏమనగలను. అతను ఇంకో మాట అంటే బావను చిన్నబుచ్చినట్టయ్యేది.

ఫిబ్రవరి 19, జగిత్యాల

వచ్చేశాను. ఫారం బ్యాగులోనే ఉంది.

ఆయన అనలేదు. అనకుండా రాయడం తప్పు. లావణ్య ఇంకెవరికైనా అలా రాసి తెస్తే చీవాట్లు పెట్టేదాన్ని. రాయకపోతే ఆ దగ్గు అలాగే ఉంటుంది. అక్క ఏమీ అనదు. అనకపోవడమే నాకు భయం.

మనుషుల్ని ప్రశ్నలడగడమంటేనే విసుగు పుట్టింది.

ఫిబ్రవరి 23

లావణ్య ఫోన్. "రాజేశం గారిదొక్కటే రాలేదు మేడమ్." చూస్తానన్నాను.

ఫిబ్రవరి 27

రేపు అన్నీ హైదరాబాద్ పంపాలి. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఏం రాసినవే?"

"ఇంకా రాయలేదక్కా."

వెనక బావ దగ్గుతున్నాడు.

"కార్మికుడనే రాయి. నేను జెప్తున్న గద."

"నువ్వు చెప్తే చెల్లదక్కా. బావ చెప్పాలి."

"ఆయన జెప్పడు. పానం బోయినా జెప్పడు." గొంతు తగ్గించింది. "గని నీకో మాట జెప్పుమన్నడు."

"ఏమని?"

"ఏది రాసినా తనకు జెప్పొద్దట."