ఘాటు వల్ల కాదు

శ్రీదివ్య నాన్నగారికి,

మీ కోటేశ్వరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, పాప, నేను బాగానే ఉన్నాం. సింధనూరులో మీరూ, కౌలుకు పట్టిన మిరప తోటా చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

గౌస్ బాషా అన్నయ్య లారీలో పంపిన మీ ఉత్తరం అందింది. ఎల్లుండి అన్నయ్య మళ్లీ అటు వస్తున్నాడని ఇది రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అత్తయ్య స్పీకరు పెట్టి నడిమింట్లో మాట్లాడుతుంది. ఆవిడ ముందు నాకు గొంతు పెగలదని మీకు తెలుసు. ఇప్పుడు కూడా కాగితం ముక్కు దగ్గర పెట్టుకొని రాస్తుంటే, "ఏమే, రాస్తున్నావా, వాసన చూస్తున్నావా?" అని నవ్వుతోంది.

మీరు అడిగినవాటికి జవాబులు. గేదె ఈనింది, పెయ్యదూడ. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది, పొలానికి కూడా వెళ్లొస్తోంది. కల్లంలో కప్పే పట్టాలు ఎలుకలు కొట్టలేదు, అటక మీద భద్రంగా ఉన్నాయి. ఇక చివర ఒక మాట అడిగారు. "నేను బయల్దేరిన రోజు చిలకలూరిపేట బస్టాండులో అంతసేపు చెయ్యి ఊపాను. నువ్వు రాయిలా నిలబడ్డావేం? నేను వెళ్లడం నీకు ఇష్టం లేదా?" అని. దానికి జవాబు నేనూ చివరలోనే రాస్తాను. ముందు పాప సంగతి.

వచ్చే నెల కోతలకు పాపను బడి మాన్పించి తీసుకురమ్మన్నారు. "మూడో తరగతికి వచ్చినా బోర్డు మీద ముక్క చదవదు. కల్లంలో కూర్చుంటే పెద్దాళ్లకంటే ముందు తాలు ఏరుతుంది. దేవుడు ఆ చేతికి ఆ పనే రాశాడు" అన్నారు. నిజమే, ఎర్రటి రాశిలో తెల్లమచ్చ పడిన కాయ ఎక్కడున్నా దాని వేళ్లు పట్టేస్తాయి. బోర్డు ముందు మాత్రం కళ్లు చికిలించి, నీళ్లు కార్చుకుంటూ నిలబడేది. మన ఊళ్లో కళ్లు నీళ్లు కారితే ఎందుకని ఎవరూ అడగరు. మిరప ఘాటు అంటారు. మనమూ అదే అన్నాం.

దసరా సెలవుల తరువాత బడిలో గోడకు పెద్ద టీవీ లాంటి బోర్డు బిగించారు. "చదువు చెప్పలేక టీవీ పెట్టారంట. ఆ మాత్రం టీవీ మనింట్లో లేదా?" అని అత్తయ్య వీధంతా చెప్పింది. ఒకరోజు మిరప పువ్వులో దాక్కునే తామర పురుగును ఆ బోర్డు మీద గొడ్డంత చేసి చూపించారట. పాప ఇంటికొచ్చి దానికి ఎన్ని కాళ్లో, రెక్కలు ఎలా ఉంటాయో చెబితే అత్తయ్య నోరు తెరిచింది. "ఇన్నేళ్లుగా దాంతో వేగుతున్నాను, దాని మొహం ఒక్కసారి చూసింది లేదే!" అంది. ఆ తరువాత టీవీ మాట ఎత్తలేదు.

పోయిన మంగళవారం రెబెకా టీచరుగారు కబురు పెడితే భయపడుతూ వెళ్లాను. నన్ను వెనక బెంచీలో పాప పక్కన కూర్చోబెట్టారు. బోర్డు మీద పాఠం పెట్టి, "మీకు కనబడుతోందా అమ్మా?" అని నన్ను అడిగారు. కనబడుతోందండీ అన్నాను. "శ్రీదివ్యా, చదువు" అన్నారు. పాప లేచి తల దించుకుంది. ముందు బెంచీ పిల్లలు కిసుక్కుమన్నారు.

టీచరుగారు రెండు వేళ్లు బోర్డుకు ఆనించి విడదీశారు. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. "కాలువ గట్టున కొంగ నిలబడింది" అని పాప గడగడా చదివింది. మళ్లీ చిన్నవి చేశారు. ఆగిపోయింది. పెద్దవి చేశారు. ఆగినచోటి నుంచే అందుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చూశారా? సుద్దముక్కతో ఇంతేసి అక్షరాలు రాస్తే బోర్డుకు రెండు మాటలే పడతాయి. అందుకే ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. మూడేళ్లుగా దీన్ని మొద్దు అనుకున్నాను, తప్పు నాదే. లోపం తలలో కాదమ్మా, చూపులో" అన్నారు. ఆ బోర్డు వచ్చాక వెనక కూర్చున్న పిల్లలూ ముందు పిల్లలతో సమానంగా చదువుతున్నారట. అర్థం కాని పాఠాన్ని ఎన్నిసార్లయినా చూపించవచ్చట. "నాకు విసుగొస్తుంది, దానికి రాదు" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కనబడుతోందని నేను చెప్పింది అబద్ధం. తెల్లటి వెలుగు తప్ప నాకేమీ కనబడలేదు. అక్షరాలు పెద్దవి చేసినప్పుడు పాపతో పాటు నేనూ మనసులో చదివాను. వెనక బెంచీలో కూర్చొని బోర్డు చదవడం నా జన్మలో అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుంటుంటే టీచరుగారు చూశారు. ఘాటండీ అన్నాను.

దర్శి దగ్గర మా ఊళ్లో నన్నూ నాలుగో తరగతిలో ఇలాగే మాన్పించారు. మొద్దు అన్నారు. కల్లంలో చెయ్యి చురుకు అన్నారు. పెళ్లిచూపుల నాడు మా అమ్మ, "తల ఎత్తకు. చూపు ఆనదని తెలిస్తే సంబంధం తప్పిపోతుంది. దించుకుంటే సిగ్గనుకుంటారు" అంది. అందరూ అలాగే అనుకున్నారు. మీరూ ఆ సిగ్గే మెచ్చుకున్నారు. వీధిలో ఎదురైనవాళ్లను పలకరించకపోయినా, నలుగురిలో తల ఎత్తకపోయినా అన్నీ సిగ్గు కిందికే వెళ్లాయి. తొమ్మిదేళ్లు దాచాను.

పాప మొదటిసారి పుస్తకం ముక్కుకు ఆనించిన రోజే దానికీ నా చూపే వచ్చిందని నాకు తెలిసింది. చెబితే నా సంగతి బయటపడుతుందని నోరు మూసుకున్నాను. మొన్న వేసవిలో మీరు గోడ మీద బొగ్గుతో రాసిన ఎక్కం చదవలేదని దాన్ని కొట్టారు. నేను పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. నాలుగు దెబ్బలు. మీరు తెలియక కొట్టారు. తెలిసి ఊరుకున్నది నేను.

నిన్న టీచరుగారితో చిలకలూరిపేట వెళ్లి పాపకు కళ్లజోడు రాయించాను. శనివారం ఇస్తారు. పాపను కోతలకు తీసుకురాను. బడి మాన్పించను. ఇది అడగడం కాదండీ, చెప్పడం. పెళ్లయ్యాక మీకు ఇలా చెప్పడం ఇదే మొదలు. కోపం వస్తే నా మీద చూపించండి, దాని మీద వద్దు. ఈ ఉత్తరం మడిచాక అత్తయ్యకు కూడా నా నోటితోనే చెబుతాను.

ఇక మీ చివరి ప్రశ్న. ఆ రోజు మీరు చెయ్యి ఊపింది నాకు కనబడలేదు. ఏ కిటికీలో ఉన్నారో కూడా తెలియలేదు. ఒక బస్సు కదిలిన చప్పుడు వినబడింది. అది మీదో కాదో తెలియక, ఎండలో చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇష్టం లేక కాదు.

నన్నూ పరీక్ష చేశారు. పాపతో పాటు నాకూ ఒక జోడు వస్తుంది. ఈసారి మీరు వచ్చే రోజు నేను బస్టాండుకు వస్తాను. దిగేదాకా ఆగకండి. కిటికీలోంచే, దూరం నుంచే చెయ్యి ఊపండి.

ఇట్లు,
మీ ఇంటి మనిషి,
శ్రీదివ్య అమ్మ, కోటేశ్వరి